ఇరుగింటి సంఘము, పొరుగూరి బ్యాంకు

నరసాపురము దాటి సముద్రపు దెసకు పోవుకొలదిని గోదావరి కాలువలలో నీరు సన్నగిల్లుచుండును. మొగల్తూరు ప్రాంతపు శివారు పొలములకు ఆ నీరు చిట్టచివర చేరును, ఉప్పుగాలి మాత్రము మొట్టమొదట తగులును. ఇట్టి నేలపై సార్వా నాటుకొను రైతునకు నారుమడి దున్నించిన దినము మొదలు కుప్ప నూర్చిన దినము వరకు చేతిలో పైకము నిలువదు. విత్తనమునకు, ఊడ్పు కూలికి, ఎరువునకు, కలుపునకు వరుసగా వ్యయమే గాని రాబడి యుండదు. రాబడి కంటబడునది ధాన్యము కాటాకెక్కిన నాడే. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై డెల్టా అంతయు వరిమాగాణియైన నాటినుండియు ఈ నాలుగైదు మాసముల వెలితిని పూడ్చువారెవ్వరను ప్రశ్న ఇచ్చటి ప్రతి లోగిలిలోను ఏటేట తలయెత్తుచునే యున్నది.

పూర్వము ఆ ప్రశ్నకు సమాధానము షావుకారు. ప్రోనోటుపై నూటికి నెలకు రెండు రూపాయలనగా సంవత్సరమునకు 24 రూపాయలు. ధాన్యము అప్పిచ్చినచో కళ్లములోనే వడ్డీధాన్యముతో గూడ కొలిపించుకొనుట మరియొక పద్ధతి. నేడు రైతు యెదుట రెండు గడపలున్నవి. ఒకటి, ఊరివారు సొసైటీ యని పిలుచు సహకార పరపతి సంఘము; రెండవది, ఎచ్చటనో మహానగరమున ప్రధాన కార్యాలయముండి సమీపమున శాఖ గలిగిన పెద్ద బ్యాంకు. ఈ రెండింటిలో ఏది మేలను తర్కము క్రొత్తది కాదు. దానికి శతాబ్దమునకు మించిన చరిత్ర కలదు, ఆ చరిత్రలో మన డెల్టాకు స్వల్పము కాని పాత్ర కలదు.

1906 అక్టోబరు 22వ తేదీన మదరాసులో అర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసెను. దక్షిణదేశమున ఆ పేరే ఒక హామీగా చెల్లిన కాలమది. దొరల సంస్థ కదా యని జీవితకాలపు కూడబెట్టును అచ్చట దాచినవారు వేలకొలది. యజమానియైన సర్ జార్జి అర్బత్‌నాట్‌కు న్యాయస్థానము 18 మాసముల కారాగారశిక్ష విధించినను, మునిగిన ధనములో పెద్దపాలు తిరిగి రాలేదు. ఆ దుర్ఘటన నుండియే స్వదేశీయుల బ్యాంకు కావలెనన్న సంకల్పము బలపడి, 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు వెలసెను. పెద్దదనమునకును భద్రతకును సంబంధము లేదని మన పూర్వులు అంత కష్టపడి నేర్చిరి.

ఇంచుమించు ఆ కాలముననే మరియొక మార్గము గూడ తెరువబడెను. మదరాసు సివిలు ఉద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్, ప్రభుత్వాదేశముపై ఐరోపాలోని గ్రామీణ ఋణవ్యవస్థలను పరిశీలించి, 1895 నుండి 1897 వరకు రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. జర్మనీలో రైఫైజెన్ అను గ్రామాధికారి 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌నందు నెలకొల్పిన పరపతి సంఘము ఆయన హృదయమును ఆకర్షించినది; అట్టి మనుష్యుడు మనకు గూడ కావలెననుటయే ఆ నివేదిక సారాంశము. ఫలితముగా 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే చెంగల్పట్టు జిల్లా తిరూరులో మదరాసు రాజధానిలోని తొలి సంఘము పుట్టెను.

ఆ చట్టములోని సూక్ష్మమును తెలిసికొననిదే సంఘమునకును బ్యాంకునకును గల భేదము బోధపడదు. ఒకే ఊరివారు పదిమంది కూడినచో సంఘము పెట్టుకొనవచ్చును. వాటాలెన్ని యున్నను సభ్యునకు ఒక్కటే ఓటు. నూరెకరముల ఆసామికిని, అరయెకరపు సన్నకారు రైతునకును సభలో సమానమైన మాట. నాటి గ్రామ సంఘములలో బాధ్యత అపరిమితము, అనగా సంఘము అప్పుపడినయెడల సభ్యుని ఇల్లు వాకిలి గూడ దానికి పూచీ. ఇది వినుటకు భయంకరముగా నుండును గాని, దానిలోనే ఆ ఏర్పాటు యొక్క ప్రజ్ఞ ఇమిడియున్నది. ఎవడు సాగు చేయునో, ఎవడు పేకాటలో పోగొట్టునో పట్టణములోని బ్యాంకు అధికారి ఎరుగడు, ఇరుగింటివాడు ఎరుగును. ఎరిగినవాని ఆస్తియే పూచీ యైనందున అతడు ఉపేక్షింపడు. పొలము చూపలేని నిరుపేదకు గూడ, నడవడి చూపి అప్పు పొందు అవకాశము చరిత్రలో తొలిసారిగా కలిగినది ఇట్టి సంఘముల మూలముననే.

అయితే పల్లె సంఘమునకు పెట్టుబడి ఎక్కడిది? పంట వేయు తరుణమున ఊరిలోని అందరికిని ఒక్కమారే ధనము కావలెను. దాచువాడుండడు, అడుగువారే యుందురు. 1912 చట్టము కేంద్ర బ్యాంకులకు చోటిచ్చి ఆ కొరతను తీర్చినది. 1915లో బందరున కృష్ణా సహకార కేంద్ర బ్యాంకును నెలకొల్పినవారు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. మొగల్తూరు అప్పటికి కృష్ణా జిల్లాలోనిదే. పశ్చిమ గోదావరి జిల్లా వేరుపడినది 1925లో. పట్టాభిగారు గూడ నేటి లెక్కకు ఈ ప్రాంతము వారే. 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించి, ఏలూరులో చదివి, మదరాసులో వైద్యము నేర్చి, బందరులో స్థిరపడిరి. కాంగ్రెసు చరిత్రకారునిగా, 1948లో జయపురపు మహాసభకు అధ్యక్షునిగా ఆయనను లోకము స్మరించును గాని, తెలుగు రైతు ఇంటి జమాఖర్చులపై ఆయన చేసిన మేలు అంతగా స్మరింపబడకుండుట నాకు బాధాకరము.

ఆ పట్టాభిగారే, సహకార బ్యాంకు పెట్టిన ఎనిమిదేండ్లకు, ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 1923 నవంబరు 20న నమోదై, 28న బందరులో లావాదేవీలు ఆరంభించిన ఆ బ్యాంకు అధీకృత మూలధనము 10 లక్షలు, చెల్లింపబడిన మూలధనము ఒక లక్ష. తరువాత 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వచ్చెను. సంఘముల మేలు ఎరిగిన వ్యక్తి వాటాదారుల బ్యాంకును ఏల పెట్టెను? సహకారముపై విశ్వాసము సడలెననుకొనుట పొరపాటని నా దృఢాభిప్రాయము. సహకార కేంద్ర బ్యాంకు సంఘములకు అప్పిచ్చును, సంఘములు రైతునకిచ్చును. కాని ధాన్యమును కొను మిల్లుదారునకు, బియ్యమును పై ఊళ్లకంపు వర్తకునకు, నెలజీతమున పదిరూపాయలు మిగుల్చుకొను ఉపాధ్యాయునకు ఆ చట్రములో స్థానము లేదు. మూడు రాజధాని బ్యాంకుల కలయికతో 1921లో ఏర్పడిన ఇంపీరియల్ బ్యాంకు చూపు రేవులపై, పెద్ద ఎగుమతులపై ఉండెను. పంట పండించువానికి ఒక సంస్థయు, పంటను కదలించువానికి మరియొక సంస్థయు అవసరమని గుర్తించుటలో ఆయన దూరదృష్టి వెల్లడియగుచున్నది. నేడు మనము ఇదియా అదియా యని తూచునట్టి రెండింటిని ఒకే చేయి నిలిపినది.

1930 ప్రాంతపు ఆర్థిక మాంద్యములో ధాన్యపు ధర కూలినపుడు సంఘముల బలమే బలహీనతగా మారెను. అందరును ఒకే పంట వేయు ఊరిలో అందరును ఒక్కమారే చితికిపోదురు. అట్టి వేళ పొరుగువాని పూచీ పొరుగువానికి ఉరియగును. 1935లో సత్యనాథన్ నివేదిక మదరాసు రాజధానిలోని రైతుల ఋణభారమును లెక్కగట్టగా, 1938లో రాజాజీ ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము తెచ్చెను. స్వాతంత్ర్యానంతరము జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేక్షణలో దాని కమిటీ తేల్చిన సంఖ్యలు మరింత నివ్వెరపరచునట్టివి: 1951-52లో రైతులు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘముల వంతు నూటికి 3.1, వాణిజ్య బ్యాంకుల వంతు 0.9, వడ్డీవ్యాపారుల వంతు దాదాపు 70. అర్ధశతాబ్దపు సహకారోద్యమము తరువాత ఇది! ఐనను ఆ కమిటీ సహకారమును విడువుమనలేదు. ప్రభుత్వము భాగస్వామియై దానిని నిలబెట్టవలెనని చెప్పెను. ఆ కమిటీ సలహాపైననే ఇంపీరియల్ బ్యాంకు 1955 జూలై 1న స్టేటు బ్యాంకుగా మారెను. ఒకే నివేదిక నుండి సంఘమునకు చేయూతయు, పెద్ద బ్యాంకునకు పల్లెదారియు కలిగినవి.

పశ్చిమ గోదావరి జిల్లాకు 1960-61లో మహత్తర అవకాశము లభించినది. దేశమున సాంద్ర వ్యవసాయ పథకమునకు మొదట ఎన్నికైన ఏడు జిల్లాలలో ఇది యొకటి. మేలువిత్తనము, ఎరువు, సలహా, అప్పు కలిపి ఒక్కటిగా అందించిన ఆ పథకమునకు మూలస్తంభము సహకార సంఘము. సంఘపు గోదామున ఎరువు బస్తాయు, సంఘపు పుస్తకమున దాని అప్పును ఒకేచోట జరిగెడివి. 1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిలులో ఆంధ్రా బ్యాంకుతో కలిపి ఆరు బ్యాంకులు జాతీయమైనందున పెద్ద బ్యాంకు గూడ పొలము గట్టు నెక్కక తప్పలేదు. నేడు బ్యాంకు ఇచ్చు ఋణములో నూటికి 18 వ్యవసాయమునకు పోవలెనన్న నియమము కలదు.

అటు తరువాతి సంఘముల కథలో నొచ్చుకొనవలసిన భాగము గలదు. ఊరిలో పలుకుబడి గలవాడు అప్పు కట్టకున్నను అడుగువాడు లేకపోవుట, పాత బాకీని క్రొత్త అప్పుగా పుస్తకములో మార్చి వ్రాయుట, 1990లోను 2008లోను వచ్చిన ఋణమాఫీల తరువాత కట్టినవాడే నష్టపోయెనన్న భావము వ్యాపించుట, ఇవి యన్నియు సంఘమును గుల్ల చేసినవి. హైదరాబాదులో 2001లో కృషి సహకార పట్టణ బ్యాంకు, 2002లో చార్మినార్ బ్యాంకు కుప్పకూలినపుడు పల్లె సంఘముల పైన గూడ అనుమానపు నీడ పడెను. అన్నింటికంటె నాకు దుస్సహమైనది వేరొకటి: 2013లో ఎన్నికైన పాలకవర్గముల గడువు ముగిసిన పిమ్మట ప్రభుత్వము నియమించిన త్రిసభ్య కమిటీలే సంఘములను నడిపినవి. సభ్యుని ఒక్క ఓటు సంఘమును బ్యాంకునుండి వేరుచేయు ఏకైక గుణము. దానిని మూలబెట్టినచో మిగులునది చిన్న బ్యాంకు మాత్రమే. చిన్నదనము మాత్రము ఎవ్వరికి కావలెను?

పెద్ద బ్యాంకు వైపు చూచినను అంతా నిశ్చింత కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పట్టాభిగారు బందరులో వెలిగించిన సంస్థ పగ్గములు ముంబయికి పోయినవి. శాఖలున్నవి, సొమ్ము సురక్షితము. కాని ఆ పేరుతోపాటు మనదనుకొను చొరవ పోయినదని డెల్టాలో విచారించినవారు అనేకులు. ఆ విచారమును వట్టి భావావేశమని త్రోసిపుచ్చరాదు.

ఇక్కడ సప్తసముద్రముల ఆవలి ముచ్చట ఒకటి చెప్పవలసియున్నది. బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో భారతదేశమునకు వచ్చి, వంగదేశపు పల్లెలలో సహకార సంఘములను చూచి ముగ్ధుడై, స్వదేశమున క్రెడిట్ యూనియన్ల వ్యాప్తికి జీవితమును, ధనమును వెచ్చించెను. మాసచూసెట్స్‌లో 1909లోను, దేశమంతటికిని 1934లోను చట్టములు వచ్చెను. నేడు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురమున్న గోదావరి జిల్లాల పిల్లలు కారు అప్పునకు బ్యాంకా, క్రెడిట్ యూనియనా యని ఆలోచించునపుడు, ఆ రెండవదాని బీజములలో ఒకటి మన పల్లెలనుండి పోయినదని తలచుకొనవలెను. అచ్చట ప్రభుత్వ భీమా బ్యాంకులోని సొమ్మునకెంతయో క్రెడిట్ యూనియన్‌లోని సొమ్మునకు గూడ అంతయే: 2,50,000 డాలర్లు.

మన ఊరిలో అట్లు లేదు, రైతు లెక్క వేసికొనవలసినది ఈ చోటనే. పంట అప్పు వడ్డీలో సంఘమునకును బ్యాంకునకును వ్యత్యాసము లేనట్లే: మూడు లక్షల వరకు 7 శాతము, గడువులో కట్టినవానికి 3 శాతము తగ్గింపు రెండుచోట్లను వర్తించును. రొయ్యల చెరువు త్రవ్వువానికి లక్షలకు లక్షలు కావలెను గావున అతడు బ్యాంకునకే పోవును. 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి చెరువులను ఊడ్చినట్టి నష్టమును చిన్న సంఘము భరింపజాలదు. ఎరువు, విత్తనము, గోదాము, ధాన్యము కొనుగోలు సంఘమువద్ద దగ్గర. దాచుకొను సొమ్ము మాట వేరు. వాణిజ్య బ్యాంకులోను, ఏలూరు జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వంటి సహకార బ్యాంకులలోను ప్రతివాని నిలువకు 5 లక్షల వరకు డిపాజిట్ భీమా 2020 ఫిబ్రవరి 4 నుండి కలదు. గ్రామ పరపతి సంఘములో దాచినదానికి ఆ భీమా లేదు. కనుక అప్పు సంఘములోను, పొదుపు భీమాగల బ్యాంకులోను ఉంచుట నేటి స్థితిలో వివేకము. ఐతే ఆ వివేకమే సంఘమును ఎండగట్టును. దాచువారు లేని సంఘము ఎన్నటికిని పై బ్యాంకుల వాకిట చేయి చాచి నిలువవలసినదే. దీనికి విరుగుడు రైతు చేతిలో లేదు, చట్టము చేయువారి చేతిలో నున్నది: భీమాను, తనిఖీని గ్రామ సంఘముల వరకు విస్తరింపవలెను, ఎన్నికలు గడువులోపల జరిపింపవలెను.

కౌలురైతు విషయము ఇంకను మిగిలియున్నది. డెల్టాలో నాటువాడొకడు, పట్టాదారు మరియొకడుగా నున్న పొలములు విస్తారము. 2019 చట్టము ప్రకారము 11 మాసముల సాగు హక్కు పత్రము పొందవలెనన్నను భూయజమాని సంతకము కావలెను. యజమాని సంకోచించినచో కౌలుదారునకు బ్యాంకు గడపయు లేదు, సంఘపు గడపయు లేదు. అప్పుడతడు మరల ఎరువుల దుకాణపు ఖాతాను, ప్రోనోటును ఆశ్రయించును. నడవడిని చూచి అప్పిచ్చుటకు 1904లో పుట్టిన సంఘము అతనికొరకే పుట్టినది; అతని పొరుగువాడు నేటికిని అతనిని ఎరుగును.