కరణీకం నుండి కంప్యూటరు దాకా – లెక్కల కొలువు కథ

బి.కాం. చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న వినవస్తున్నది. పద్దులన్నీ యంత్రమే వేసి, కూడి, తేల్చి చెప్పేస్తుంటే ఇక లెక్కలు వ్రాసేవానికి కొలువెక్కడిది? మా పటమటలోనూ తల్లిదండ్రులకు ఇదే బెంగ. భాషాబోధనలో జీవితం గడిపినవాడిని కనుక వాణిజ్యశాస్త్రంలో సలహా చెప్పే అధికారం నాకు లేదు. చరిత్రను తిరగవేసి చూపడం మాత్రం చేయగలను. కృష్ణా డెల్టాలో లెక్కల కొలువు ఆపదలో పడడం ఇది మొదటిసారి కాదు. ఒకసారి అది ప్రభుత్వాజ్ఞతో ఒక్క దినంలో రద్దయింది కూడా. అప్పుడేమి పోయిందో, ఏమి నిలిచిందో తెలిస్తే ఇప్పటి బెంగకు ఒక కొలబద్ద దొరుకుతుంది.

ముందుగా మాటను విచారిద్దాం. "కరణ" శబ్దానికి సంస్కృతంలో సాధనమని అర్థం. మనసు, మాట, చేత అనే మూడు సాధనాలూ ఏకమైతే త్రికరణశుద్ధి అంటున్నాము. వ్రాతపత్రానికీ, దానిని వ్రాసే లేఖకునికీ కూడా ఆ శబ్దం వాడుకలో ఉన్నది. మన పల్లెలో కరణం అంటే భూమి లెక్క, పన్ను లెక్క వ్రాసేవాడు. అతడి తాటాకుల లెక్కల కట్ట కవిలె. తరతరాల గ్రామవృత్తాంతాన్ని వ్రాసి ఉంచినది దండకవిలె. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశ చరిత్రకు ఆధారాలు సేకరించినప్పుడు, కావలి బొర్రయ్య ప్రభృతులు ఊరూరా తిరిగి వ్రాయించిన కైఫియ్యతులకు ఈ దండకవిలెలు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. అనగా మన గ్రామాల చరిత్రలో పెద్దభాగం లెక్కలు వ్రాసినవారి చేతి మీదుగా మనకు దక్కినది.

కరణం పనిలో సగం చావడిలోనూ, సగం పొలం గట్టుమీదా జరిగేది. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, ఎవరి సాగు, ఏ పైరు, ఏ నీటి ఆధారం అన్న వివరాలు అడంగల్‌లో ఎక్కాలి. అవి ఎక్కేముందు పైరును కంటితో చూసి రావాలి. ఆ తనిఖీకే అజమాయిషీ అని పేరు. నేడు ఆ మాటను పెత్తనం చేయడమనే అర్థంలో వాడుతున్నాము గాని, రెవెన్యూ పరిభాషలో అది పైరును స్వయంగా పరిశీలించడమే. ఏటేటా జరిగే జమాబందీలో ఈ లెక్కలన్నిటినీ పై అధికారులు సరిచూసేవారు. జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరమే ఈ లెక్కలకు కాలమానం. ఫసలీ, జమాబందీ, అజమాయిషీ వంటి పరభాషాపదాలు మన కచ్చేరీలలో ఎంతగా పాతుకొన్నవంటే, బందరులో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌను అటువంటి మాటలకోసమే ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువును 1854లో ప్రకటించాడు.

కరణానికి చట్టబద్ధమైన స్థానం కల్పించినది 1802 నాటి 29వ రెగ్యులేషను. ఉత్తర సర్కారులలో శాశ్వత పైసలా ప్రవేశపెట్టిన కాలమది. జమీందారు చెప్పినదే లెక్క అయితే రైతుకూ ప్రభుత్వానికీ కూడా దిక్కుండదు. కాబట్టి ఊరి లెక్కలు వ్రాసేవానికి చట్టం విధులను ఏర్పరచింది. తరువాత 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయింది. 1832–33 నాటి గుంటూరు కరవులో జనం మలమల మాడిన ఈ ప్రాంతంలోనే కాలువలు పారినవి. మెట్ట మాగాణి అయింది. మెట్టకొక పన్ను, మాగాణికొక పన్ను, నీటికొక తీరువ. పంట పెరిగినకొద్దీ పద్దులు పెరిగినవి, పద్దులు పెరిగినకొద్దీ వాటిని వ్రాసేవాని పలుకుబడి పెరిగింది. రైతుకు అక్షరం రాదు, కరణానికి వచ్చు. ఒక గీత ఇటు జరిగితే ఎకరం అటు పోవచ్చునన్న భయం రైతుకు ఎప్పుడూ ఉండేది. సుమతీ శతకకారుడు కరణాన్ని గురించి పద్యాలు చెప్పవలసి వచ్చినదంటే ఆ భయం ఎంత పాతదో గ్రహించవచ్చు.

ఇక ఆ కొలువు ఎవరికి దక్కేదన్నది అసలు ప్రశ్న. మద్రాసు ప్రభుత్వం 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసింది. దాని ప్రకారం ఈ ఉద్యోగాలకు పూర్వోద్యోగి కుటుంబంవారికే హక్కు. ఎంత చదివినా, ఎంత లెక్క వచ్చినా, ఆ ఇంట పుట్టనివానికి ఆ తలుపు తెరుచుకొనేది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళ తరువాత కూడా ఈ చట్టం అమలులోనే ఉన్నది. దానిని కదిలించినది మన డెల్టాకు చెందిన ఒక వ్యాజ్యమే కావడం విశేషం. గుంటూరు జిల్లా పెరవలిపాలెం గ్రామ మునసబు పదవికోసం గాజుల దశరథరామారావు అనే ఆయన పోటీ పడ్డారు. వంశక్రమం కారణంగా ఆ పదవి మరొకరికి పోయింది. ఆయన సుప్రీంకోర్టుకు ఎక్కినారు. 1960 డిసెంబరు 6న న్యాయస్థానం తీర్పు చెప్పింది. గ్రామోద్యోగం కూడా రాజ్యం కింది ఉద్యోగమే. వంశాన్ని బట్టి దానిని ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధం. చట్టంలోని ఆ భాగం చెల్లదు. వ్యాజ్యం మునసబు పదవిని గూర్చినదైనా, ఆ నియమం కరణీకానికీ వర్తించేదే. పుట్టుక ఉద్యోగార్హత కాదని దేశమంతటికీ చెప్పించినవాడు మన తీరప్రాంతపు పల్లెటూరివాడు. పాఠ్యపుస్తకాలలో ఈ మాట ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

పల్లెలో కరణం ఇట్లుండగా, పట్టణంలో మరొక లెక్కల కొలువు తలయెత్తింది. అది గుమాస్తాగిరీ. బియ్యపు మిల్లు, బట్టల కొట్టు, పొగాకు వ్యాపారం – అన్నిటా చిట్టా, ఆవర్జా వ్రాసే మనిషి కావలసివచ్చాడు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించడంతో లెక్క తెలిసిన యువకులకు గౌరవప్రదమైన కొత్త దారి ఏర్పడింది. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయింది.) 1939లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. నాటి నుండి లెక్క యజమానికి మాత్రమే చెప్పవలసినది కాక, సర్కారుకూ చూపవలసినది అయింది. గుమాస్తా అవసరం రెట్టింపయింది.

మూడవది పరీక్షాసిద్ధమైన వృత్తి. 1913 నాటి కంపెనీల చట్టం ఆడిటరుకు అర్హతను నిర్దేశించింది. 1932 నిబంధనలతో రిజిస్టర్డ్ అకౌంటెంటు అనే హోదా వచ్చింది. 1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ చట్టబద్ధంగా ఏర్పడింది. మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం 1933లోనే అర్హత సాధించి, ఈ వృత్తిలో దేశంలోనే తొలి మహిళగా నిలిచారు. ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనించాలి. పల్లెలో లెక్కల పుస్తకం తండ్రి నుండి కొడుక్కు పోతున్న కాలంలోనే, పట్టణంలో అదే పుస్తకం పరీక్ష నెగ్గినవారికి, ఆడవారైనా మగవారైనా, దక్కుతున్నది. ఒకే విద్యకు ఒకే కాలంలో రెండు న్యాయాలు!

ఆ రెంటిలో ఒకటి 1984 జనవరి 6న ముగిసింది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు మొదలైన గ్రామోద్యోగాలను రద్దు చేసింది. ఉద్యోగం కోల్పోయినవారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పదవిని రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని 1985లో న్యాయస్థానం ఆ రద్దును సమర్థించింది. తరతరాల పెత్తనం పోయినదని సంతోషించినవారు ఉన్నారు. స్వల్ప జీతంతో, ఊరి ప్రతి గట్టూ గుర్తుంచుకొని బ్రతికిన కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయని బాధపడినవారూ ఉన్నారు. ఈ రెండు మాటలూ నిజమే. ఒక వ్యవస్థ అన్యాయమైనదని చెప్పడానికి అందులోని ప్రతి మనిషినీ అన్యాయపరుడని అననక్కరలేదు.

ఆ మరుసటి ఏడు, 1985లో, మా పటమట గ్రామపంచాయతీ విజయవాడ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. కరణం ఒక ఏడు, పంచాయతీ మరొక ఏడు – రెండేళ్ళలో ఊరు ఊరుగా ఉండడం మానింది. పొలాల సర్వే నంబర్లమీద ఇళ్ళు, కళాశాలలు, పక్కనే ఆటోనగర్‌లో కార్ఖానాలు వెలసినవి. అయితే లెక్క ఆగిందా? ఆగలేదు. కరణం స్థానంలో వేరే పేర్లతో గ్రామాధికారులు వచ్చారు. 2015లో "మీభూమి" వచ్చి అడంగల్ కంప్యూటరు తెరమీద ప్రత్యక్షమైంది. 2020లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల పదవినీ రద్దు చేశారు. పదవులు రద్దవుతూనే ఉన్నవి, ఎవరి భూమి ఎంత అనే ప్రశ్న మాత్రం ఏ ఆర్డినెన్సుతోనూ రద్దు కాలేదు.

ఇక యంత్రం సంగతి. ఇటలీలో లూకా పచోలీ 1494లో అచ్చువేయించిన గ్రంథంలో వివరించిన పద్ధతికి మన పాఠ్యపుస్తకాలలో జంటపద్దు విధానమని చక్కని తెలుగు పేరున్నది. ప్రతి వ్యవహారానికి రెండు వైపులు, రెండూ సరిపోవాలి. సరిపోయినవో లేదో చూసే పట్టికకు అంకణా అని పేరు. పూర్వం గుమాస్తా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నది ఈ అంకణా కుదరకే! 1986లో బెంగుళూరులో మొదలైన టాలీ వంటి సాఫ్టువేర్లు ఆ శ్రమను తప్పించినవి. అంకణా ఇప్పుడు కుదర్చనక్కరలేదు, దానంతటదే కుదురుతుంది.

అయితే అంకణా కుదిరితే లెక్క నిజమైనట్లేనా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు వ్రాసిన లేఖ దీనికి సమాధానం చెప్పింది. కంపెనీ పుస్తకాలలో చూపిన నగదు నిల్వలో సుమారు 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఆయనే ఒప్పుకొన్నాడు. కంప్యూటర్లే వ్యాపారమైన సంస్థ అది. రెండు వైపులూ సరిపోయినవి, లేనిది డబ్బు మాత్రమే! 2015లో ప్రత్యేక న్యాయస్థానం శిక్ష విధించినవారిలో లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్లు కూడా ఉన్నారు. కూడికలో తప్పు పట్టడం యంత్రానికి చేతనవును. నిజంగా ఆ డబ్బు బ్యాంకులో ఉన్నదా అని లేచి వెళ్ళి అడగడం మనిషి ధర్మం. పాతకాలపు మాటలో చెప్పాలంటే అది అజమాయిషీ. గట్టుమీద నడవకుండా చావడిలో కూర్చుని అడంగల్ నింపిన కరణానికీ, కాగితం చూసి సంతకం చేసిన ఆడిటరుకూ భేదం లేదు.

పని కరవైనదా అంటే, అదీ కాదు. 2005లో వ్యాట్, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తరువాత ఆటోనగర్‌లోని చిన్న విడిభాగాల కొట్టు సైతం గడువు తప్పకుండా రిటర్నులు దాఖలు చేయవలసినదే. దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంఖ్య నాలుగు లక్షలు దాటింది. ఇంటర్మీడియట్ కాగానే ఫౌండేషను పరీక్షతో ఆ దారి పట్టవచ్చు. 2023 నుండి ఆర్టికల్‌షిప్ కాలాన్ని మూడేళ్ళ నుండి రెండేళ్ళకు తగ్గించారు. ప్రవేశానికి ఎవరి కొడుకువని ఎవరూ అడగరు.

కాని నన్ను వేధించే సంగతి ఒకటున్నది. కరణం కొడుకు తండ్రి పక్కన కూర్చుని కవిలె కట్టడం నేర్చాడు. కొట్టులో కుర్రవాడు పెద్ద గుమాస్తా పక్కన కూర్చుని ఆవర్జా వ్రాయడం నేర్చాడు. చిన్న పద్దులే అతడికి ఓనమాలు. ఆ చిన్న పద్దులే ఇప్పుడు యంత్రం పాలవుతున్నవి. పైమెట్టు పదిలంగానే ఉన్నది, పోతున్నది మొదటి మెట్టు. పల్లె నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చే బిడ్డ కాలు మోపేది ఆ మెట్టుమీదనే. అది లేకపోతే, చట్టం తెరిచిన తలుపును పేదరికం మళ్ళీ మూసివేస్తుంది. పుట్టుక మరొక రూపంలో అర్హతగా తిరిగివస్తుంది. దీనికి వ్యక్తులు చేయగలిగినది కొంతే. కళాశాలలు బి.కాం. విద్యార్థిని పుస్తకంతో సరిపెట్టక, చదువుకొనే రోజుల్లోనే నిజమైన కొట్ల లెక్కల ముందు కూర్చోబెట్టాలి. ఆడిటర్లు ఒక్కరిద్దరు పేదపిల్లలనైనా చేరదీసి పని నేర్పాలి.

పిల్లలకు నేను చెప్పగలిగినది ఇంతే. కూడికను యంత్రానికి విడిచిపెట్టండి. ఆ అంకె వెనుక నిలిచిన సరుకునూ, నేలనూ, మనిషినీ చూసి రావడం నేర్చుకోండి. 1984లో పదవి పోయినా ఆ పని పోలేదు. ఇకముందూ పోదు.

స్వస్తి.