గంగ వేషం వేసిన పెగ్గీ కాస్టెల్లో

1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' అనే మూకీ తీశారు. భీష్ముడు ప్రకాశే. గంగ వేషం మాత్రం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ నటికి దక్కింది. తెలుగువాళ్ళ తొలి మూకీలో తెలుగు నటి ఎందుకు లేదని అడిగితే, ఆ రోజుల్లో మన ఆడవాళ్ళు నటనకు ముందుకు రాలేదు గదా అంటారు. ఈ జవాబు నిలవదు. కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి సమాజంలో స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. ఇటు కళింగపట్నం, విజయనగరం ప్రాంతాల్లో మేజువాణీలు కళావంతుల ఆటపాటలతోనే నడిచాయి. 1892లో విజయనగరంలో ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో వేశ్య మధురవాణిని చూసిన జనానికి అటువంటి మనిషి తెలియనిది కాదు. విద్య ఉన్న ఆడవాళ్ళకు కొదవ లేదు, కొదవ పడింది గౌరవానికి. కందుకూరి వీరేశలింగం మొదలుపెట్టిన మేజువాణీ వ్యతిరేక ప్రచారంలో న్యాయముంది, కాని ఆ నింద చివరికి ఆచారాన్ని దాటి ఆడిపాడే మనిషి మీదే పడింది. ఇక సంసారుల ఇళ్ళలోని ఆడపిల్లలకు రంగస్థలం వైపు చూసే వీలే లేదు.

ఈ కట్టుబాట్లు అంతగా అంటని ఆంగ్లో ఇండియన్, యూదు కుటుంబాల అమ్మాయిలకు మూకీ తలుపు తీసింది. బొమ్మకు మాట లేదు, కథ చెప్పేవి తెరమీది అక్షరాలు. కాబట్టి నటికి తెలుగు రావలసిన పని లేదు. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషం సాలుంకే అనే మగవాడితో వేయించాడంటే తెరకు నటి దొరకని ఇబ్బంది ఎంతటిదో తెలుస్తుంది. తర్వాత బొంబాయిలో సులోచనగా వెలిగిన రూబీ మయర్స్ యూదుల అమ్మాయి.

తెల్లతోలు మోజే అసలు కారణమని కొందరంటారు. ఆ మోజు లేదనను. కాని అదే అసలు కారణమైతే మాట వచ్చాక కూడా వాళ్ళే నాయికలుగా సాగాలి. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి సురభి కమలాబాయి. రంగు మోజు ఆ పదకొండేళ్ళలో పోలేదు, సంఘమూ అంతగా మారలేదు. తెలుగులో పాడి పలికే నటి అవసరం పడింది, సురభి రంగస్థలం మీద ఆమె ముందునుంచీ ఉంది. బొంబాయిలో సులోచన అంతటి తార కూడా టాకీలు రాగానే తెర విడిచి హిందుస్తానీ నేర్చుకోవలసి వచ్చింది.

కమలాబాయిని 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లిగా ఇప్పటికీ చూస్తున్నాం. పెగ్గీ నటన చూడడానికి 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రతే మిగల్లేదు. అయినా తెలుగు నాయికల వరస ఆమెతోనే మొదలుపెట్టాలి, ఆ వేషం వేసింది ఆమె. కళింగపట్నం మొదలు మద్రాసు దాకా ఎవరి ఇంటి పాత పెట్టెలోనైనా మూకీ కాలపు కరపత్రమో ఫొటోనో ఉంటే, దయచేసి పారేయకండి. పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు తెలియజేయండి.