వెతికితే దొరికిన తెలుగు

వెబ్‌సైటు సెర్చ్‌లో పైకి రావాలంటే ఏం చేయాలని అడిగితే కీలక పదాలు, ట్యాగులు, ప్లగిన్ల గురించే ఎక్కువగా వినిపిస్తుంది. తెలుగు వెబ్ చరిత్ర వేరే సంగతి చెబుతుంది. రాసినదాన్ని సాఫ్ట్‌వేర్ ఏ రూపంలో దాచిందన్న దగ్గరే సగం కథ తేలిపోయింది. 2000 ప్రాంతంలో ఈనాడు, వార్త వంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. అది అచ్చు కోసం కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ నుంచి వచ్చిన పద్ధతి. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు లిపి ముక్కలను కూర్చేవారు, తలకట్టు ఒకచోట, ఒత్తు మరోచోట. తెర మీద చక్కని తెలుగు కనిపించేది. సెర్చ్ ఇంజిన్‌కు మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు తగిలేవి. పైగా ఫాంటుకో అమరిక కాబట్టి 'ఎన్నికలు' అన్న ఒకే మాట రెండు సైట్లలో రెండు వేర్వేరు గుర్తుల వరసగా ఉండేది. రోజూ అంత తెలుగు అచ్చవుతూ కూడా ఒక్క మాట పెట్టి వెతికితే దొరకకపోవడం చిన్న నష్టం కాదు.

దీనికి పత్రికలను తప్పుపట్టడం అన్యాయమని ఎవరైనా అంటే ఆ మాటలో బలం ఉంది. ప్రతి లిపిలోని అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్; 1991లో వచ్చిన దాని తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కినా, విండోస్ 98 దాన్ని సరిగా చూపించలేదు. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, అందులోనూ ఆ సదుపాయాన్ని విడిగా పెట్టుకోవాల్సి వచ్చేది. యూనికోడ్‌లో ప్రచురిస్తే చాలామంది పాఠకులకు ఖాళీ డబ్బాలే కనిపించేవి. అయితే దాచడం వేరు, చూపడం వేరు. భారతీయ లిపులను దాచడానికి ఇస్కీ ప్రమాణం 1991 నాటికే ఉంది. పాఠాన్ని ఒక ప్రమాణ రూపంలో దాచి, పాఠకుడికి పంపేటప్పుడు ఫాంటులోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉండి ఉంటే, పాత సంచికలను తర్వాత యూనికోడ్‌లోకి తేవడం సులువయ్యేది. ఈ రెండు పనులనూ కలిపేసినందువల్ల ఫాంటుకొక పట్టిక తయారుచేసి, ముక్కలను తిరిగి అక్షరాలుగా అతకాల్సి వచ్చింది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ చిక్కులో పడలేదు. దాన్ని నడిపే మీడియావికీ పాఠాన్ని యూనికోడ్‌లోనే దాస్తుంది, శీర్షికను శీర్షికగా గుర్తించి చెబుతుంది, ఒక వ్యాసం నుంచి మరోదానికి లింకులు అల్లడం తేలిక చేస్తుంది. అదే ఏడాది పుట్టిన, బ్లాగులూ సైట్లూ నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ కూడా మెల్లగా ఈ బాధ్యతలను తన మీద వేసుకుంది. ఒకే పేజీకి పలు చిరునామాలుంటే అసలుది ఏదో చెప్పే కానానికల్ ట్యాగు 2009 చివర్లో, సైటులోని పేజీల జాబితాను సెర్చ్ ఇంజిన్‌కు అందించే సైట్‌మ్యాప్ 2020లో అందులో భాగమయ్యాయి. రాతలో సత్తా ఉంటే ఇవేవీ అక్కర్లేదని వాదించేవారున్నారు. సత్తాను సాఫ్ట్‌వేర్ పుట్టించలేదన్నది నిజమే. కానీ యంత్రానికి అక్షరాలుగా అందని రాత సత్తాను అది తూచేదెలా?

యూనికోడ్‌తో అన్నీ చక్కబడలేదు కూడా. వర్డ్‌ప్రెస్ పేజీ చిరునామాలో శీర్షికకు ఇచ్చే చోటు 200 గుర్తులు. అక్కడ తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోటి తొమ్మిది స్థానాలు తింటుంది. 'తెలంగాణ'లో అలాంటివి ఏడు, అంటే 63 స్థానాలు. అంత పొడవున్న మాటలు మూడు పట్టేసరికి చోటు అయిపోయి మిగతా శీర్షిక తెగిపోతుంది. అందుకే పేజీలో తెలుగు ఉంచి, చిరునామా మాత్రం రోమన్ లిపిలో పెట్టుకునేవారిని నేను తప్పుపట్టను.