చలికి పెళుసెక్కే పదార్థాలు

అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఉంటున్న మా అక్క కొడుకు, పన్నెండేళ్ళవాడు, కిందటి జనవరిలో ఫోను చేసి ఒక ప్రశ్న వేశాడు. రేడియో తరంగాలతో నడిచే ఆటకారు ఒకటి వాడి దగ్గర ఉంది. మంచు మీద దానిని పరుగెత్తిస్తూంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చేయి పుటుక్కున విరిగిందట. వేసవిలో అదే కారు ఎన్నిసార్లు గోడకు గుద్దుకున్నా ఆ చేయి వంగి మళ్ళీ యథాస్థితికి వచ్చేదే గాని విరగలేదు. ఆనాడు బయట సున్నాకు దిగువన 20 డిగ్రీల సెంటిగ్రేడు. "మామయ్యా, ఈసారి లోహపు చేయి కొననా? చలికి లోహం విరగదు గదా?" అన్నాడు.

లోహం చలికి విరగదన్న నమ్మకం మా మేనల్లుడిది మాత్రమే కాదు. ఒకప్పుడు ఓడలు కట్టే ఇంజనీర్లకు కూడా ఉండేది. ఆ నమ్మకానికి మనుషుల ప్రాణాలే మూల్యంగా చెల్లించవలసి వచ్చింది.

1943 జనవరి 16వ తేదీ రాత్రి అమెరికా పశ్చిమ తీరాన, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వద్ద, షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ రేవులో కట్టివేసి ఉన్నది. సముద్రంలో పరీక్షలన్నీ ముగించుకుని అప్పుడే వచ్చింది. గాలి లేదు, అలలు లేవు, ఓడలో సరుకు లేదు. చలి మాత్రం ఉంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 3 డిగ్రీలు. ఉన్నట్టుండి ఒక మైలు దూరానికి వినిపించేటంత చప్పుడుతో ఓడ నడిమికి పగిలి, మధ్యభాగం నీటిపైకి లేచి, రెండు కొనలూ అడుగుకు ఆనుకున్నాయి. ఏ శత్రువూ తాకలేదు, ఏ బండా తగలలేదు. మందమైన ఉక్కు రేకు గాజు పలకలా పగిలిందన్నమాట.

ఆ యుద్ధకాలంలో అమెరికా 1941 నుండి 1945 వరకు లిబర్టీ ఓడలనే పేరుతో సుమారు 2,700 సరుకు ఓడలను కట్టింది. పని త్వరగా తెమలడానికి పూర్వంలాగా రేకులను మేకులతో బిగించక వెల్డింగుతో అతికారు. వీటిలోనూ వందలాది ఓడలకు బీటలు వచ్చాయి. 1943 నవంబరులో జాన్ పి. గెయిన్స్ అనే ఓడ సముద్రంలోనే రెండుగా విరిగి మునిగిపోగా పదిమంది చనిపోయారు. సహజంగానే అందరూ వెల్డింగు చేసినవారిని తప్పుపట్టారు. యుద్ధ సమయంలో కొత్తగా పని నేర్చుకున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ వేలమంది ఆ రేవుల్లో పనిచేస్తూండేవారు. నింద వారి నెత్తిన పడటం సులభం గదా!

అసలు దోషం ఎక్కడ ఉందో తేల్చిన వారిలో ముఖ్యురాలు ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన కాన్‌స్టన్స్ టిప్పర్ అనే లోహశాస్త్రజ్ఞురాలు. విరిగిన ఓడల రేకులను తెప్పించి, వాటిని వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించి ఆమె చూపించినదేమంటే, దోషానికి మూలం అతుకులో గాక ఉక్కులోనే ఉన్నది. ఆ ఉక్కు ఒక ఉష్ణోగ్రతకు పైన సాగుతుంది, దిగువన పెళుసెక్కుతుంది. ఆ హద్దు ఉత్తర అట్లాంటిక్ సముద్రపు చలికి ఎగువనే ఉండిపోయింది. వెల్డింగు చేసిన కీడు వేరు. మేకులతో బిగించిన ఓడలో ఒక రేకు పగిలితే బీట ఆ రేకు అంచు దాకా వెళ్ళి ఆగుతుంది. అతికిన ఓడ అంతా ఒకే రేకు వంటిది కనుక బీటకు అడ్డే లేదు. పైగా సరుకు దించే ద్వారాల మూలలు చతురస్రంగా ఉండటంతో బలమంతా ఆ మూలల్లో కేంద్రీకరించి బీట అక్కడ మొదలయ్యేది. తరువాత మూలలను గుండ్రం చేశారు, బీటలను అడ్డుకునే పట్టీలు వేశారు. టిప్పర్‌గారు 1949లో కేంబ్రిడ్జిలో రీడరు అయ్యారు. 1995లో, 101 ఏళ్ళ వయసులో చనిపోయారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు కనబడదు, కనబడవలసింది.

ఉక్కుకు ఈ గుణం ఉన్నదని పట్టి చూపగల పరికరం నిజానికి అంతకు నలభై ఏళ్ళ క్రితమే ఉంది. ఫ్రాన్సుకు చెందిన జార్జి షార్పీ 1901లో దానిని వివరించాడు. ఒక చిన్న లోహపు కడ్డీకి గాటు పెట్టి, గడియారపు లోలకం వంటి బరువైన సుత్తిని ఎత్తునుండి దాని మీదికి వదులుతారు. కడ్డీని విరిచి సుత్తి అవతలి వైపు ఎంత ఎత్తుకు లేచిందో చూస్తారు. ఎత్తు తగ్గినకొద్దీ కడ్డీ ఎక్కువ శక్తిని మింగిందని అర్థం. అదే కడ్డీని మంచులో ముంచి కొడితే సుత్తి దాదాపు అడ్డు లేనట్టే పైకి పోతుంది. మా కళాశాలలో ఈ పరీక్ష చూపినప్పుడు విద్యార్థులు విరిగిన ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూస్తారు. వెచ్చగా విరిగినది పీచుగా, మసకగా ఉంటుంది. చల్లగా విరిగినది పటికబెల్లం ముక్కలా మెరుస్తుంది.

దీనికి కారణం పరమాణువుల అమరికలో ఉంది. లోహం వంగాలంటే అందులోని స్ఫటికపు పొరలు ఒకదాని మీద ఒకటి జారాలి. పొరలు మొత్తంగా ఒకేసారి జారవు. అమరికలో ఉండే లోపాలు కొంచెం కొంచెంగా కదులుతూ జారుడును ముందుకు తీసుకుపోతాయి, బరువైన తివాచీని లాగలేక ఒక మడతను ఈ చివర నుండి ఆ చివరకు నెట్టినట్టు. ఈ భావాన్ని 1934లో టేలర్, ఒరోవాన్, పొలానీ అనే ముగ్గురు ఎవరికి వారే ప్రతిపాదించారు. మామూలు ఉక్కులో పరమాణువులు ఘనపు మూలల్లోనూ, మధ్యలోనూ ఉంటాయి. ఇట్టి అమరికలో లోపాలు కదలడానికి ఉష్ణం వల్ల కలిగే కంపనాల సాయం కావాలి. చలిలో ఆ సాయం కరవై లోహం జారలేక చీలిపోతుంది. అల్యూమినియం, రాగి, నికెలు వంటివాటిలో పరమాణువులు ఘనపు మూలల్లోనూ, ముఖాల మధ్యనూ ఉంటాయి. అక్కడ లోపాలు చలిలో కూడా సులభంగానే కదులుతాయి. అందువల్లనే మన శ్రీహరికోట నుండి 2014 జనవరి 5న ఎగిరిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టులో, సున్నాకు దిగువన 253 డిగ్రీల వద్ద ఉండే ద్రవ హైడ్రొజనును అల్యూమినియం మిశ్రలోహపు తొట్టిలో నింపగలిగారు. మామూలు ఉక్కు అక్కడ పనికిరాదు.

కనుక "లోహం" అనగానే సరిపోదు, ఏ లోహం అని అడగాలి. ఆటబొమ్మలకు చౌకగా పోతపోసే జింకు మిశ్రమం కూడా సున్నా డిగ్రీలకు దిగువన దెబ్బను ఓర్చుకోలేదు. (ఈ జింకు కథ మరొకటి ఉంది. రెండు ప్రపంచయుద్ధాల నడిమి కాలంలో పోసిన బొమ్మ రైళ్ళు, కార్లు కొన్ని పెట్టెలో పెట్టినవి పెట్టినట్టే పగిలిపోయేవి. అది చలివల్ల కాదు, జింకులో కలిసిన సీసపు మాలిన్యం వల్ల.)

ఇక ప్లాస్టిక్ సంగతి. అవి పొడవాటి గొలుసుల వంటి అణువులతో ఏర్పడతాయని 1920లో జర్మనీలో స్టౌడింగర్ చెప్పినప్పుడు తోటి రసాయనికులు చాలామంది నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఈ గొలుసులు వెచ్చగా ఉన్నప్పుడు మెలికలు తిరుగుతూ, దెబ్బ తగిలితే పక్కకు తప్పుకుంటాయి. ఒక ఉష్ణోగ్రతకు దిగువన ఆ కదలిక స్తంభించి పదార్థం గాజులా బిగుసుకుంటుంది. ఈ హద్దు పాలిప్రొపిలీనుకు సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే ఉంది. పాలిథీనుకు చాలా దిగువన ఉంది. రబ్బరుకూ ఇదే ధర్మం వర్తిస్తుంది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఎగిరినప్పుడు గాలి ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. చలికి బిగిసిన రబ్బరు వలయం సందును మూయలేక ఏడుగురు మరణించారు. ఫిబ్రవరి 11న విచారణ సంఘం ముందు భౌతికశాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి మంచునీళ్ళ గ్లాసులో ముంచి, బిగింపు తీసినా అది వెంటనే మామూలు ఆకారానికి రాకపోవడం చూపించాడు. ప్రయోగానికి అయిన ఖర్చు ఒక గ్లాసెడు నీళ్ళు!

ఆటకారులోనూ ఈ చరిత్రంతా చిన్నదిగా దాగి ఉంది. ఇటలీకి చెందిన ఒక సంస్థ 1966లో రేడియోతో నడిచే చిన్న ఫెరారీ కారును అమ్మింది. జపానుకు చెందిన తమియా 1976లో పోర్షె 934 నమూనాతో ఈ రంగంలోకి వచ్చింది. అదే సంస్థ 1979లో తెచ్చిన ఇసుకబండ్లలో చక్రాలను మోసే భాగాలు పోత లోహంవి. 1984లో తెచ్చిన గ్రాస్‌హాపర్, హార్నెట్ బండ్లకు మాత్రం తొట్టివంటి చట్రం ఎ.బి.ఎస్. ప్లాస్టిక్‌ది. అందులో సన్నని రబ్బరు రేణువులు కలిసి ఉంటాయి గనుక అది చలికి కొంత తట్టుకుంటుంది.

మా వాడి కారులో విరిగిన చేయి నైలానుది. కరోథర్స్ 1935లో తయారుచేసిన నైలానుకు ఒక విచిత్రమైన గుణం ఉంది: అది నీరు తాగుతుంది. అణువుల మధ్యకు చేరిన నీరు వాటి పట్టును సడలించి గట్టిదనానికి బదులు సాగే గుణాన్ని ఇస్తుంది. శీతల దేశాల్లో చలికాలంలో ఇళ్ళలో గాలిని వెచ్చజేసేసరికి అది ఎండిపోతుంది. అల్మారాలో ఉన్న నైలాను కూడా ఎండుతుంది. అంటే ఆ చేయి చలిలోకి వెళ్ళకముందే సగం పెళుసెక్కి ఉన్నదన్నమాట.

ఇదంతా వాడికి నా చేతనైనంతలో చెప్పాను. అల్యూమినియం చేయి చలికి పెళుసెక్కదన్నది నిజమే. కాని అది విరగకపోతే దెబ్బ ఎక్కడికి పోతుంది? చేయి తగిలించి ఉన్న చట్రానికి, లేదా గేర్ల పెట్టెకు పోతుంది. పైగా ప్లాస్టిక్ చేయి వంగితే తిరిగి వస్తుంది, అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది. ఇంట్లో కరెంటు ఫ్యూజు కాలిపోయి మిగతా సామానును కాపాడినట్టు, చవకైన చేయి విరిగి ఖరీదైన పెట్టెను కాపాడుతుంది. నా సలహా అడిగితే చక్రపు ఇరుసు దగ్గరి చిన్న భాగం అల్యూమినియంది వేసుకోవచ్చు. చేయి మాత్రం నైలానుదే కొని, బిగించే ముందు వేడినీళ్ళలో నానబెట్టుకోవాలి.

వాడు రెండు చేతులు కొని, ఒకటి నీళ్ళలో మరిగించి, మరొకటి ఉన్నది ఉన్నట్టుగా బిగించి, రెండువైపులా ఒకే దెబ్బ తగిలేటట్టు మంచుదిబ్బకు గుద్దించాడట. మరిగించనిది మూడోసారికి విరిగింది. మరిగించినది ఏప్రిల్ దాకా ఉంది. ఒకే ఒక్క పరీక్షను బట్టి ఏదీ తేల్చరాదని వాడికి చెప్పాను. ఈ చలికాలానికి పది చేతులు కావాలని అడుగుతున్నాడు. పప్పు వండే గిన్నెలో మరిగించినందుకు మా అక్క ఇంకా కోపంగానే ఉంది.