పల్లకి నడిచిన దారిలో బుల్లెట్టు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఇప్పుడు ఎవరూ దారి అడగరు. నాలుగు వరసల జాతీయ రహదారి ఎక్కితే 40 కిలోమీటర్ల పైచిలుకు, బండి మీద ముప్పావు గంట. శిరివెళ్ల ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెనకబడిందో కూడా తెలియదు. ఎడమ చేతి వైపు, పొలాలు అయిపోయే చోట, నల్లమల నీలంగా పొడుగునా పడుకుని వెంట వస్తూనే ఉంటుంది. శని, ఆదివారాల్లో హైదరాబాదు, బెంగళూరుల నుంచి బైకుల మీద గుంపులుగా వచ్చే కుర్రకారు ఆ కొండను దూరం నుంచే చూసి, గండికోటకో బెలుం గుహలకో సాగిపోతారు.

ఆ కొండ కాళ్ల దగ్గర ఇంకో దారి ఉంది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం, అక్కడి నుంచి రుద్రవరం, మహానంది, బండి ఆత్మకూరు, ఆ పైన ఆత్మకూరు. పేరున్న రోడ్డు కాదది. ఊరికీ ఊరికీ మధ్య వేసిన చిన్న రోడ్లు ఒకదానికొకటి అతుక్కుని దారి అయ్యాయి. చీలిక వచ్చిన ప్రతిచోటా బండి ఆపి, అరుగు మీద కూర్చున్న మనిషిని "మహానందికి ఇట్ల పోవచ్చా పెద్దాయనా?" అని అడగాల్సిందే. ఈ సీమలో ప్రయాణానికి ఒక చరిత్ర ఉందంటే అది చాలావరకు ఈ దారిదే.

దాని వయసు కట్టడం కష్టం. రాతపూర్వకంగా దొరికే ఆనవాళ్లలో పాతవాటిని పట్టుకుంటే పద్నాలుగో శతాబ్దానికి పోవాలి. కొండవీటి రెడ్డిరాజ్యానికి పునాది వేసిన ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ కొండమెట్లు కట్టించాడు. కోట కట్టడం రాజు అవసరం. మెట్లు కట్టడం మాత్రం ఎక్కడి నుంచో నడిచి వచ్చే ముసలీ ముతకా కోసం. అప్పటికే ఈ కొండకు జనం బాగా వస్తున్నారనడానికి ఆ మెట్లే సాక్ష్యం. ఆయన ఆస్థానకవి ఎర్రన నృసింహపురాణం రాసింది అహోబిలం స్వామి మీదే. 1515లో కళింగ దండయాత్ర నడుమ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించిన సంగతి గుడి దగ్గరి శాసనంలో ఉంది.

రాజులు వచ్చారు, పోయారు. దారిని గురించి మాత్రం వాళ్లు ఏమీ రాయలేదు. రాసినవాడు ఒక దుబాసీ.

మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18 రాత్రి చెన్నపట్నం విడిచి, తండయారువేటిలోని తన తోటకు చేరి, అక్కడి నుంచి కుటుంబంతో, పరివారంతో, బోయీలు మోసే పల్లకిలో కాశీకి కదిలాడు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఆ పదిహేను నెలల ముచ్చటనూ రోజువారీగా రాసి పెట్టుకున్నాడు. ఆయన పోయాక, 1838లో, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె దాన్ని 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చు వేయించాడు. తెలుగులో యాత్రా రచనలకు అదే పెద్దదిక్కు.

తిరుపతి, కడప, దువ్వూరు మీదుగా వచ్చిన ఆ పల్లకి అహోబిలం చేరింది. ఆ తర్వాతి మజిలీలు చూడండి: రుద్రవరం, మహానంది, బండి ఆత్మకూరు, వెలపనూరు, ఆత్మకూరు, శ్రీశైలం. కొండ అంచు పట్టుకుని ఉత్తరానికి ఎక్కిన దారి అది. ఎందుకు అటు పోయాడంటే రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, క్షేత్రాలన్నీ కొండనే అంటుకుని ఉన్నాయి. రెండోది నీళ్లు. నల్లమలలో కురిసిన వాన ఏడాది పొడుగునా ఊటలై, వాగులై ఈ అంచునే దిగుతుంది. మహానంది కోనేరు ఆ ఊటే. అడుగున పడ్డ నాణెం పైనుంచి కనిపించేంత తేట నీరు, ఎండాకాలంలోనూ ఆగని పారుదల. వేసవిలో మనుషుల్ని మోసుకుని నడిచే బోయీలకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

వీరాస్వామయ్య రాతలో గొప్పతనం దృశ్య వర్ణన కాదు. ఏ ఊళ్లో మంచినీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దిగడానికి చోటు దొరుకుతుందా, ముందున్న బాట రాతిదా, అడవిదా అని, వెనక వచ్చేవాళ్ల కోసం రాశాడు. శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర కందనూరు నవాబు మనుషులు పన్ను గుంజుతున్న సంగతినీ దాచలేదు. కందనూరంటే కర్నూలే. మరో తొమ్మిదేళ్లకు, 1839లో, ఈస్టిండియా కంపెనీ ఆ నవాబు రాజ్యాన్ని కలిపేసుకుంది. బండి మీద దేశం తిరిగేవాళ్లు ఇవాళ ఒకరికొకరు చెప్పుకునేవీ అచ్చంగా ఇవే కదా: నీళ్లు, తిండి, బస, రోడ్డు, టోలు.

ఈ దారిలో మనిషి కంటే నియమంగా ప్రయాణం చేసేవారు ఇంకొకరున్నారు. అహోబిలం స్వామి. ఏటా సంక్రాంతి వెళ్లి కనుమ రాగానే ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడూ దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడూ పల్లకి ఎక్కి పారువేటకు బయలుదేరుతారు. ఫాల్గుణంలో జరిగే తమ బ్రహ్మోత్సవాలకు జనాన్ని తామే వచ్చి పిలవడం దాని అర్థం. నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లు. ఆ ఊళ్లలో స్వామి పల్లకి దించడానికి కట్టిన అరుగులను 'తెలుపులు' అంటారు. ఈ ఇంటి తెలుపు, ఆ వీధి తెలుపు అని వాటికి వంశపారంపర్యపు లెక్కలున్నాయి. పల్లకి మోసే బోయీలదీ తాతల నాటి హక్కే. స్వామి ఊళ్లోకి వచ్చే రోజుకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు; సున్నం వేసిన గోడలు, కొత్త బట్టలు, పొయ్యి మీద పరమాన్నం. చెంచులక్ష్మిని పెళ్లాడిన దేవుడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. వేడుకలో విల్లంబులతో వాళ్లకు వాళ్ల చోటుంది. చెన్నపట్నం దుబాసీ ఈ దారిన ఒక్కసారి పోయాడు. దేవుడు ప్రతి ఏడూ పోతున్నాడు.

తెల్లదొరల కాలంలో ప్రయాణం కొండ అంచు వదిలి మైదానంలోకి దిగింది. 1863లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టిన కర్నూలు–కడప కాలువను సాగుకే కాదు, పడవల రాకపోకలకూ పనికొచ్చేలా తవ్వారు. 1876–78 ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోయాక, తిండిగింజలు లోపలి జిల్లాలకు చేర్చే మార్గం లేకపోవడమే పెద్ద నేరమని సర్కారుకు తెలిసొచ్చింది. ఆ తర్వాతే గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా, నల్లమలను తొలుచుకుని గిద్దలూరు, కంభం వైపు మీటరుగేజి రైలు పడింది. బొగద సొరంగం ఆ దారిలోదే. గేజి మార్చినప్పుడు పక్కన పెట్టేసిన దొరబావి పాత వంతెన ఇప్పటికీ అడవిలో ఉంది. ఆ రైలు వల్లే నంద్యాల నలుగురూ కలిసే ఊరైంది. 1928 నవంబరులో ఇక్కడ జరిగిన సభల్లోనే ఈ ప్రాంతానికున్న దత్తమండలాలు అనే చిన్నబుచ్చే పేరు తీసేసి, చిలుకూరి నారాయణరావు సూచనతో 'రాయలసీమ' అని పెట్టుకున్నారు.

రైలు ఉన్న ఊళ్లు సరే. లేని ఊళ్ల మాటేమిటి? కుందూ లోయ అంతా నల్లరేగడి. ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు బంకలా పట్టుకుంటుంది. ఎద్దులబండి ఇరుసు దాకా దిగబడితే ఇంకో జత ఎద్దులు కట్టి లాగాల్సిందే. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో వానాకాలం ప్రయాణం అంటే చెప్పులు చేతిలో పట్టుకుని నడవడం. మోటారు సైకిలు వచ్చింది ఈ నేల మీదికి.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. ఇంగ్లండులో తయారయ్యే 350 సీసీ బుల్లెట్టును సైన్యం సరిహద్దు పహరాకు కోరుకోవడం దానికి మూలం. ఫ్యాక్టరీ పెట్టింది తిరువొత్తియూరులో. అది వీరాస్వామయ్య తోట ఉన్న తండయారువేటికి ఆనుకుని ఉత్తరాన ఉన్న పేట. కాశీకి పోయిన పల్లకీ, సీమకు వచ్చిన బుల్లెట్టూ చెన్నపట్నంలో దాదాపు ఒకే మూల నుంచి బయలుదేరాయి. ఈ వ్యాసంలో నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి లేదు. 1961లో మైసూరు నుంచి జావా, ఆ తర్వాత రాజ్‌దూత్ వచ్చాయి; 1970లలో జావాయే పేరు మార్చుకుని యెజ్డీ అయింది.

పాత బుల్లెట్టును స్టార్టు చేయడం చూసినవాళ్లకు ఆ తంతు గుర్తుండే ఉంటుంది. తాళం తిప్పి, ట్యాంకు ముందున్న యామీటరు వైపు కళ్లు పెట్టి, కిక్కును మెల్లగా తొక్కుతూ ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగాలి. అప్పుడు డీకంప్రెసరు నొక్కి, కిక్కు కాస్త కిందికి జార్చి, వదిలి, ఒళ్లంతా బరువు వేసి ఒక్క తొక్కు. తప్పితే కాలు ఎగదన్నుతుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేగం పెద్దగా లేదు, కానీ తక్కువ వేగంలోనే గట్టిగా లాగే ఇంజను. వెనక మనిషి, ఆ మనిషి ఒడిలో విత్తనాల మూట, అయినా రెండో గేరులో బురద దాటిస్తుంది. రాజ్‌దూత్, యెజ్డీ రెండు స్ట్రోకుల బండ్లు. పెట్రోలులో ఆయిలు కలిపి పోయించాలి. గిద్దలూరు ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను కాగిపోతే చెట్టు కింద ఆపడం, ప్లగ్గు విప్పి మసి గీకి మళ్లీ బిగించడం నడిపే మనిషికే తెలిసుండేది.

వానాకాలంలో ఏ బండికైనా ఒకటే శిక్ష. రేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ నడుమ కూరుకుపోతుంది. పది గజాలకు చక్రం బిగుసుకుంటుంది. దిగి, కంపపుల్ల విరిచి పొడిచి పొడిచి తీయాలి. తీసిన పది గజాలకు మళ్లీ అంతే. అందుకని ముందు మడ్‌గార్డు ఊడబీకి ఇంట్లో పెట్టి తిరిగినవాళ్లూ ఉన్నారు. సీమ పల్లెల్లో బుల్లెట్టు అంటే పెద్దరికం అని సినిమాలు చూపిస్తాయి. అందులో కొంత నిజం ఉంది. కానీ పల్లెవాసికి ఆ బండి ఆసుపత్రికి పోయే దారి, పత్తి ధర కనుక్కొచ్చే దారి, నంద్యాలలో కాలేజీకి పోయే దారి. సరదాగా కొండ చూడటానికి పోవడం చాలా తర్వాత వచ్చిన ముచ్చట. 1980ల నడిమిలో వంద సీసీ జపాను బండ్లు వచ్చి లీటరుకు ఎక్కువ దూరం ఇవ్వడంతో, మహానందికి కుటుంబంతో బండి మీద పోయి రావడం మామూలు ఇంటికి కూడా అందింది.

ఇప్పుడు ఈ దారిన పోయేవాళ్లకు చూడటానికి ఏముంది? ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల షెడ్లు. తల లేని నంది, ముఖం తేలుతున్న అమ్మవారు, ఒళ్లంతా తెల్లటి రాతిపొడితో ఉలి పట్టుకున్న మనుషులు. యంత్రాల రొదలోనూ ఉలి దెబ్బ వేరుగా వినిపిస్తుంది. భౌగోళిక గుర్తింపు దక్కిన విద్య అది. ఇక్కడ చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లకో పోతారు. అహోబిలం దగ్గర పడేకొద్దీ గాలి మారుతుంది. మహానంది చుట్టూ అరటితోటల మధ్య రోడ్డు చల్లగా ఉంటుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాటు, గాజులపల్లె దాటాక, పూర్తిగా అడవి. మలుపు మలుపుకూ వెదుర్లు రోడ్డు మీదికి వంగి ఉంటాయి.

ఆ అడవి పక్కనే గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. చిరుతలు, ఎలుగుబంట్లు రోడ్డు దాటే చోటు. శ్రీశైలం పోయే దోర్నాల దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేది కూడా జంతువుల కోసమే. అయినా సైలెన్సరు విప్పేసి, ఘాటులో గంటకు ఎంత కొట్టామో వీడియో తీసుకునే గుంపులు పెరిగాయి. వ్యూ పాయింటు అని ఆగిన ప్రతిచోటా నీళ్ల సీసాలు, బిర్యానీ పొట్లాలు. వాటి కోసం రోడ్డు పక్కకు వచ్చిన కోతులు బండ్ల కింద పడుతున్నాయి. ఇది చూసి బాధపడని యాత్రికుడు యాత్రికుడే కాదు.

కాబట్టి బండి ఉన్నవాళ్లకు ఒక మనవి. ఈసారి నంద్యాల వచ్చినప్పుడు రహదారి దిగి కొండ అంచు పట్టుకోండి. కనుమకూ ఫాల్గుణానికీ మధ్య అయితే మరీ మంచిది: ఎండ ముదరదు, రేగడి ఆరి ఉంటుంది, శనగ చేలు పచ్చగానో పండుబారో ఉంటాయి. రుద్రవరం వైపు ఏ పల్లెలోనైనా పల్లకి ఎదురొస్తే, బండి పక్కకు తీసి ఇంజను ఆపేయండి. బోయీలు తెలుపు మీద స్వామిని దించేదాకా ఆగి, ఆ ఊళ్లో పెట్టింది తిని కదలండి.