ఒకే మాదిరి ఇండ్లు, వేరు వేరు వేళ్ళు



మన సరిహద్దు ప్రాంతంలో రోజూ పదిసార్లయినా నోట్లో నలిగే మాట ఒకటుంది. "ఒకే మాదిరి". కోస్తావాళ్ళు "ఒకేలా" అంటారు. పుస్తకాల్లో "ఏకరీతి" అనీ, "ఏకరూపం" అనీ రాస్తారు. కుప్పం, వి.కోట, బంగారుపేట, ఆండర్సన్‌పేట వైపు మాత్రం మనకు "మాదిరి" అంటేనే తృప్తి. ఈ పూట ఆ మాట వెంట కోలారు బంగారు గనుల దాకా వెళ్ళి వద్దాం.

ముందు మాట సంగతి. "మాదిరి" మన ఒక్కరి సొత్తు కాదు. తమిళులు "ఒరే మాదిరి" అంటారు. కన్నడంలో "మాదరి" అంటే నమూనా. కన్నడిగులు రోజువారీ మాటల్లో "ఒందే థర" అంటారు. మనం చెప్పే "తరహా"కూ దానికీ పుట్టిల్లు ఒకటే, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. ఆండర్సన్‌పేట అంగట్లో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. అక్కడ ఈ మాట ఏ భాషవారు అన్నా పక్కవారికి అర్థమైపోతుంది.

ఇక వాడుక. "ఒకే" అన్నదానికీ, "ఒకే మాదిరి" అన్నదానికీ తేడా ఉంది. "అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు" అంటే ఇల్లు ఒకటి, పొయ్యి ఒకటి. "అన్నదమ్ములిద్దరూ ఒకే మాదిరి ఇండ్లలో ఉన్నారు" అంటే ఇండ్లు రెండు, చూడ్డానికి పోలిక ఒకటి. "సమానం" అంటే అర్థం మళ్ళీ మారుతుంది. "పిల్లలందరికీ ఒకే మాదిరి చొక్కాలు కుట్టించాడు" అంటే గుడ్డ సంగతి. "పిల్లలందరినీ సమానంగా చూశాడు" అంటే మనసు సంగతి. చొక్కాలు ఒకే మాదిరి ఉన్నంత మాత్రాన చూపు సమానంగా ఉందని చెప్పలేం. ఈ చిన్న తేడాలోనే బంగారు గనుల చరిత్ర సగం దాగి ఉంది.

1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఈ ప్రాంతంలో బంగారం ఆచూకీ గురించి రాశాడు. 1873లో మైకేల్ లావెల్ తవ్వుకోవడానికి మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి అడిగాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలో దిగింది. మైసూరు గని, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం అని పేర్లు వేరైనా, నడిపే చెయ్యి ఒకటే. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి సుమారు 150 కిలోమీటర్ల తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. మన దేశంలో పల్లెలకు కిరసనాయిలు దీపమే గతి అయిన కాలమది.

పని ఉన్న చోటికి జనం వస్తారు. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు పెద్ద సంఖ్యలో వచ్చారు. చిత్తూరు వైపు నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ మన తెలుగువారు వచ్చారు. కరువు తరిమితే వచ్చినవారు కొందరు, అంటరానితనం భరించలేక వచ్చినవారు ఎందరో. వారందరికీ కంపెనీ "లైన్లు" వేసింది. మొదట వెదురు తడికెల గుడిసెలు. వరుసలు వరుసలుగా, అచ్చు గుద్దినట్టు, ఒకదాని పక్కన ఒకటి. చీకట్లో షిఫ్టు దిగి వచ్చిన కొత్తవాడు తన తలుపు ఏదో తెలియక తికమకపడవలసిందే.

అందరి ఇండ్లూ ఒకే మాదిరే. కానీ ఎవరి అందరి? తెల్ల అధికారికి తోటతో బంగళా. మధ్యలో ఆంగ్లో ఇండియన్ ఉద్యోగికి క్వార్టర్సు. కూలీకి లైను. ఒక్కో మెట్టులో చూస్తే ఒకే మాదిరి, మెట్టుకూ మెట్టుకూ మధ్య సమానం అన్న మాటే లేదు. కింద మాత్రం అందరికీ ఒకటే చీకటి. ఛాంపియన్ రీఫ్ గని చివరికి 3 కిలోమీటర్ల లోతు దాటింది. అంత అడుగున రాతి వేడి 60 డిగ్రీలు మించేది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలి మీద పడేది. ఆ పగులుకు తెలుగువాడని, తమిళుడని తేడా లేదు.

ఇప్పుడు 1930కి వద్దాం. బంగారం దొంగతనాలు జరుగుతున్నాయన్న అనుమానంతో, కార్మికులందరి వేలిముద్రలూ తీసుకుని నమోదు చేయాలని పూనుకున్నారు. వేలిముద్రల కార్యాలయం అనేది ప్రపంచంలోనే మొదటిసారి 1897లో మన కలకత్తాలో మొదలైంది. అది నేరస్తులను గుర్తుపట్టడానికి పెట్టింది. గని కార్మికుడికి మండింది. "మేము చెమటోడ్చి బంగారం తీసేవాళ్ళమా, దొంగలమా?" అన్నదే అందరి మనసులోని ప్రశ్న. వేల మంది పని మాని సమ్మెకు దిగారు.

ఇందులో ఒక చిత్రం గమనించండి. "ఐదు వేళ్ళూ ఒకే మాదిరి ఉంటాయా?" అని మన పెద్దలు అంటారు. వేలిముద్ర శాస్త్రం చెప్పేదీ అదే, ఏ ఇద్దరి గీతలూ కలవవు. అంతవరకూ కూలీని వరుసలో ఒకడిగా చూసిన యాజమాన్యానికి, అనుమానం వచ్చేసరికి ప్రతి మనిషీ వేరు అని గుర్తొచ్చింది. ఇల్లు ఇచ్చేటప్పుడు అందరూ ఒకే మాదిరి, పట్టుకోవలసి వచ్చినప్పుడు ఎవరి వేలు వారిది. కార్మికులు దీన్ని తలకిందులు చేశారు. వేళ్ళు వేరైనా పిడికిలి ఒకటే అని చూపించారు.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. సుమారు 120 ఏళ్ళలో 800 టన్నుల దాకా బంగారం ఇచ్చిన నేల, 2001 ఫిబ్రవరి 28న పని ఆపింది. ఆ రోజు మూతపడ్డది గని ఒక్కటే కాదు, షిఫ్టు కూతతో నడిచిన జనం గడియారం కూడా. ఆ తర్వాత ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనులకు పోవడం మొదలుపెట్టారు.

లైన్లలోని ఇండ్లు ఇప్పుడు చూస్తే పూర్తిగా ఒకే మాదిరి లేవు. ఒకరు ముందుకు వసారా దించారు, ఒకరు గోడకు నీలం రంగు వేశారు, ఒకరు తులసికోట కట్టుకున్నారు, పక్కవారు తలుపు మీద శిలువ పెట్టుకున్నారు. కంపెనీ పోసిన మూసలోనే ఉంటూ, ఎవరి ఇల్లు వారు గుర్తుపట్టేటట్టు చేసుకున్నారు.

అందుకే ఈసారి "అందరూ ఒకే మాదిరి" అని నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. మనం చెబుతున్నది పోలిక గురించా, న్యాయం గురించా? పోలిక అయితే "ఒకే మాదిరి" అనండి. న్యాయం అయితే "సమానం" అనండి. మొదటిది తాపీమేస్త్రీ కూడా చేసి పెట్టగలడు. రెండోది సాధించడానికి ఆండర్సన్‌పేట చుట్టుపక్కల మూడు నాలుగు తరాల మనుషులు కష్టపడ్డారు.