అగ్నిగుండాల రాగి: నిల్వల అంచనాలో నమూనా దోషం, దాని సవరణ

గుంటూరు, ప్రకాశం అంటే నల్లరేగడి, పత్తి, మిరప గుర్తొస్తాయి. వినుకొండ దాటి నల్లమల వైపు సాగితే నేల తీరు మారుతుంది. నేటి పల్నాడు జిల్లాలోని అగ్నిగుండాల పరిసరాల్లో, కడప శిలాసముదాయానికి చెందిన డోలమైట్ రాళ్లలో, బండ్లమోటు దగ్గర సీసం, నల్లకొండ, ధూకొండల దగ్గర రాగి ఉన్నాయి. బండ్లమోటు సీసపు గనిని హిందుస్థాన్ జింక్ కొన్నేళ్లు నడిపి మూసేసింది. ఇక్కడి ఖనిజం రాయంతటా ఒకే తీరున ఉండదు. సన్నని ఈనెలుగా, మచ్చలుగా చెదిరి ఉంటుంది. నిల్వల లెక్కకు చిక్కంతా అక్కడే.

నమూనాలు ఎక్కువ తీస్తే అంచనా సరిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. అది సగమే నిజం. యాదృచ్ఛిక దోషం నమూనాల సంఖ్య పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఒకే వైపు లాగే దోషం మాత్రం వేయి నమూనాలు తీసినా తగ్గదు. మిరప యార్డులో బస్తా మూతి దగ్గరి కాయలే చూసి లాటుకు ధర కట్టేవాడు ఎన్ని బస్తాలు విప్పినా అడుగున ఏముందో తెలుసుకోలేడు.

ముందుగా డ్రిల్లింగ్‌లో బయటికొచ్చే రాతి కడ్డీ, అంటే కోర్ సంగతి చూద్దాం. ఒక మీటరు తొలిస్తే 70 సెంటీమీటర్లే చేతికొచ్చాయనీ, అందులో రాగి 1.2 శాతం తేలిందనీ అనుకుందాం. పోయిన 30 సెంటీమీటర్లు వట్టి డోలమైట్ అయితే ఆ మీటరు అసలు గ్రేడ్ (లోహపు శాతం) 0.84 శాతమే. పగుళ్లలో పేరుకున్న రాగి ఖనిజం చాల్కోపైరైట్ నలిగి, నీటితోపాటు కొట్టుకుపోయి, ఆ భాగంలో 3 శాతం రాగి ఉండి ఉంటే 1.74 శాతం. ఒకే పరీక్ష ఫలితం, రెండింతలకు పైగా తేడా! పగుళ్ల వెంట ఖనిజం చేరిన చోట రికవరీ (చేతికొచ్చిన కోర్ వంతు) తగ్గడానికీ గ్రేడ్ పెరగడానికీ కారణం ఒకటే కావచ్చు. అందుకే రికవరీకీ గ్రేడ్‌కీ సంబంధాన్ని గ్రాఫ్ గీసి చూడటం తప్పనిసరి. మూడు గొట్టాల కోర్ బ్యారెల్ వాడితే నష్టం చాలావరకు తగ్గుతుంది.

సాంద్రతను వదిలేయడం మరో పొరపాటు. బండ్లమోటు లాంటి సీసపు ఖనిజంలో దీని ప్రభావం ఎక్కువ. సీసపు ఖనిజం గెలీనా సాంద్రత సుమారు 7.5, డోలమైట్‌ది 2.85. ఒక మీటరులో 30 శాతం సీసం, పక్క మీటరులో సున్నా ఉంటే పొడవును బట్టి సగటు 15 శాతం. బరువును బట్టి లెక్కిస్తే దాదాపు 16.8. చాల్కోపైరైట్ సాంద్రత 4.2 మాత్రమే కాబట్టి రాగిలో ఈ తేడా స్వల్పం.

ఇక బోర్ల స్థానాలు. ఈ ప్రాంతంలో పాత తవ్వకాల ఆనవాళ్లున్నాయి. పూర్వులు మంచి ఖనిజం దొరికిన చోటే తవ్వి ఉంటారు. బోర్లన్నీ వాటి చుట్టూనే పడితే సగటు పైకి ఎగబాకుతుంది. ఒక్కో బోరుకు అది ప్రాతినిధ్యం వహించే వైశాల్యాన్ని బట్టి బరువు ఇస్తే ఈ వాపు తగ్గుతుంది. పరీక్షకు ముందు నమూనాను నూరేటప్పుడూ జాగ్రత్త కావాలి. నమూనా దోషానికి పియర్ జీ ఇచ్చిన సూత్రం ప్రకారం, నమూనా బరువు, మిగతా అంశాలు మారకుండా రేణువు పరిమాణం సగమైతే దోషపు విస్తృతి ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

అన్నీ సరిచేసినా కట్-ఆఫ్ దగ్గర, అంటే తవ్వదగిన కనీస గ్రేడ్ దగ్గర ఒక ఉచ్చు మిగులుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో డి.జి. క్రిగే 1951లో దీన్ని చూపించారు: అంచనాలో గొప్పగా కనిపించిన బ్లాకులు తవ్వాక సగటున తక్కువే ఇస్తాయి, పేదవిగా తేలినవి కాస్త ఎక్కువిస్తాయి. మంచి బ్లాకులనే ఎంచి తవ్వే గనికి ఇది నేరుగా నష్టం. 1960ల్లో జార్జ్ మాథరాన్ ఈ పరిశీలనకు గణిత రూపమిచ్చి, పక్క నమూనాలకు తగిన బరువులిచ్చి అంచనా కట్టే ఆ పద్ధతికి క్రిగింగ్ అని పేరు పెట్టారు. నల్లకొండ లాంటి చెదిరిన ఖనిజానికి పక్క బోర్ల ప్రభావం ఎంత దూరం వరకు ఉందో వేరియోగ్రామ్‌తో తేల్చకుండా క్రిగింగ్ చేస్తే అది అంకెల అలంకారమే.

2015 ఖనిజ ఆధారాల నియమాలు అన్వేషణను జి4 నుంచి జి1 వరకు నాలుగు దశలుగా విభజించాయి. ఏ దశ నివేదికైనా గ్రేడ్ పక్కనే కోర్ రికవరీ, సాంద్రత వరుసలు చూపాలి, పరీక్షకు పంపగా మిగిలిన సగం కోర్‌ను మళ్లీ పరీక్షించేందుకు భద్రపరచాలి. ఆ వరుసలు లేని పట్టికను నిల్వల లెక్కకు ఆధారంగా అంగీకరించకూడదు.